నెమెసియాకు నేర్పిన పద్యం

13 సెప్టెంబరు 1926

కొత్త నోటుబుక్కు. స్కూలు స్టోరులో అడిగి తెచ్చుకున్నాను. పుస్తకం మీద పేరుండాలి కాబట్టి రాస్తున్నాను: బెనిల్దా లువల్హాతి, వయసు ముప్పై నాలుగు, ఒకప్పుడు లిపా ఊళ్లో టీచరు, ఆరేళ్లుగా ఈ కుష్ఠు రోగుల దీవిలో టీచరు.

ఇక్కడి నుంచి బయటికి పోయే ప్రతి ఉత్తరాన్నీ మందు పొగలో పెట్టి మరీ పంపుతారు. ఇది ఎక్కడికీ పోదు. ఇందులో ఏమైనా రాసుకోవచ్చు.

ఈరోజు స్మియర్ రిజల్టు చెప్పారు, నెలనెలా చర్మం గీరి రోగపు క్రిములున్నాయేమో చూసే పరీక్షది. నెగటివ్. వరసగా తొమ్మిదోది. పన్నెండు నెలలు వరసగా నెగటివ్ వస్తే పెరోల్. ఇంటికి పంపేస్తారు. రెండేళ్ల కిందట ఏడు దాకా వచ్చి ఎనిమిదో నెల పాజిటివ్ అయింది. ఈసారి ఆశ పెట్టుకోనని ఇక్కడ రాసి పెడుతున్నాను.

15 సెప్టెంబరు

డాన్ అపోలోనియో పిలిపించారు. ఎందుకో తెలుసు. అందుకే నీలం గౌను వేసుకుని వెళ్లాను.

డిసెంబరు ముప్పైకి మన వీరుణ్ణి స్పెయిన్ వాళ్లు కాల్చి చంపి ముప్పై ఏళ్లు. చావు ముందు ఆయన స్పానిష్‌లో రాసిన వీడ్కోలు పద్యాన్ని ప్రతి ఏడూ ఆ రోజున ప్లాజాలో చదువుతాం. పద్నాలుగు చరణాలు. పదిహేనేళ్లుగా డాన్ అపోలోనియోనే చదువుతున్నారు. కోర్టులో గుమాస్తాగా చేసిన మనిషి. పద్యం చేతిరాత కాగితాల మీద దొంగచాటుగా తిరిగే రోజుల్లో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఒక్క రోజులో కంఠతా పట్టి కాగితాన్ని పొయ్యిలో వేశారట. ఇప్పుడు జబ్బు ఆయన గొంతులోకి దిగింది. మాట్లాడితే చినిగిన గుడ్డను లాగినట్టు ఉంటుంది. ఈసారి మనీలా నుంచి పెద్ద అధికారి వస్తున్నాడు, అమెరికన్. ఆయన ముందు ఈ గొంతుతో నిలబడనన్నారు.

నాకు అప్పగిస్తారనుకున్నాను. ఈ దీవిలో ఆయన తర్వాత స్పానిష్ సరిగ్గా వచ్చింది నాకే.

నెమెసియా చదువుతుంది, నువ్వు నేర్పు అన్నారు. నెమెసియా అంటే సమర్ తీరంలో చేపలమ్ముకున్న అమ్మాయి. స్పానిష్‌లో దేవుడి పేరు తప్ప ఇంకో మాట తెలియదు. ఆ మాటే అన్నాను. అప్పుడాయన గొంతు కూడదీసుకుని, "నీ స్పానిష్‌లో తప్పు లేదు బెనిల్దా. తప్పు లేదు, అంతే. దాంట్లో అంతకుమించి ఏమీ లేదు" అన్నారు.

16 సెప్టెంబరు

ఏడవలేదు.

20 సెప్టెంబరు

నెమెసియా వచ్చింది. ఇరవై రెండేళ్లు ఉంటాయి. కుడిచేతి రెండు వేళ్లు పొట్టివైపోయాయి, ముఖం మాత్రం ఇంకా బాగుంది. వీపున గుడ్డలో బిడ్డ, మార్సియాల్. జూన్ ముప్పైన, ఆ పునీతుడి పండగ రోజున పుట్టాడు కాబట్టి ఆ పేరు.

మొగుడు తియోపిస్టో ఇక్కడి బ్యాండులో బాకా ఊదుతాడు. ఇద్దరూ రోగులే. వాళ్లు పెళ్లాడతామంటే ఈ దీవిని నడిపే డాక్టరు, మా చీఫ్, వద్దన్నాడు, పాద్రీ మాత్రం చేసేశాడు. పెళ్లి చేయగలిగాడు గానీ రూలు మార్చలేడు కదా. బిడ్డకు ఆరు నెలలు నిండగానే గేటు అవతల, రోగం లేని వాళ్లుండే వైపున ఉన్న నర్సరీకి తీసుకుపోతారు. తల్లి ఆదివారం పూట అద్దంలోంచి చూసుకోవచ్చు.

ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. ఇక్కడ టీచరును మాయెస్త్రా అంటారు. "ఆ పెద్దాయన వస్తాడంటగా మాయెస్త్రా. పద్యం చెప్పడం అయ్యాక స్టేజి మీద నుంచే అడుగుతా. ఇంకో ఆరు నెల్లు వాణ్ణి నా దగ్గరే ఉంచమని. అంతమందిలో ఆడది నోరు తెరిచి అడిగితే కాదంటాడా?" అంది.

కాదంటాడనే అనుకున్నాను. పైకి అనలేదు. మొదటి చరణం శబ్దాలు మాత్రం నేర్పాను. ఆమెకు గొంతుందన్నది నిజమే. వానలో కూడా మూడు వీధులకు వినిపించే గొంతు. చెప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది.

4 అక్టోబరు

మార్సియాల్ ఏడుస్తూనే ఉన్నాడు. ఒక్క చరణం కూడా సాగలేదు. రేపటి నుంచి వాణ్ణి తీసుకురావద్దన్నాను. పక్క గుడిసె ముసలావిడ మకారియా దగ్గర పడుకోబెట్టి వస్తానంది. రోజూ స్కూలయ్యాక మూడు గంటలు.

11 అక్టోబరు

పది. నెగటివ్.

14 అక్టోబరు

ఇవాళ నెమెసియా మొండికేసింది. "నెల నుంచీ కప్పలా అరుస్తున్నాను. ఏం అరుస్తున్నానో మాత్రం చెప్పవు. అర్థం తెలియకుండా నేను చేపని కూడా కేకేయలేదు" అంది.

అర్థం అక్కర్లేదనే అనుకుంటూ వచ్చాను. నిజం చెప్పాలంటే అర్థం నా దగ్గరే ఉండాలనుకున్నాను. గొంతు ఆమెదైతే అదైనా నాది.

చెప్పాను. ఆమె భాష నాకు సగమే వచ్చు, నా తగాలోగ్ ఆమెకు సగమే వచ్చు, అందుకని చాలాసేపు పట్టింది. తెల్లవారితే కాల్చేస్తారని తెలిసిన మనిషి దేశానికీ, అమ్మానాన్నలకీ, స్నేహితులకీ చెప్పుకున్న వీడ్కోలు అని. తనకోసం ఎవరూ కుమిలిపోవద్దంటాడని.

ఆమె మోకాళ్లు దగ్గరికి లాక్కుని విన్నది. తర్వాత ఇలా అంది. మాట పోకుండా రాసుకుంటున్నాను. "ఆయనకేం, ఎప్పుడు చంపుతారో ముందే చెప్పారుగా. కూర్చోబెట్టి కాగితం ఇచ్చారు, దీపం ఇచ్చారు. నన్ను చేపల బజార్లో పట్టుకున్నారు మాయెస్త్రా. తక్కెడ చేతిలోనే ఉంది. అది ఎవరికిచ్చి రానో కూడా చెప్పనివ్వలేదు. మా అమ్మ బియ్యం కొనడానికి పోయింది. తిరిగొచ్చేసరికి నేను లేను. నాకూ ఆ టైమిచ్చి ఉంటే నేనూ చెప్పేదాన్ని. పద్నాలుగేంటి, నలభై చెప్పేదాన్ని."

ఆ తర్వాత ఆరో చరణం అప్పజెప్పింది. కిటికీ బయట నీళ్లు మోసుకుపోతున్న ఇద్దరు మగవాళ్లు బిందెలు దించి నిలబడ్డారు. వాళ్లకూ స్పానిష్ రాదు.

డాన్ అపోలోనియో చెప్పింది నిజం. రాయడం అయింది, పడుకుంటాను.

9 నవంబరు

గాలివాన. మూడు రోజులుగా స్కూలు లేదు, నడవ కప్పు ఎగిరిపోయింది. మధ్యాహ్నం నెమెసియా నిలువునా తడిసి వచ్చి, గుమ్మంలోనే నిలబడి తొమ్మిదో చరణం అప్పజెప్పి వెళ్లిపోయింది. ఒక్క మాట తప్పింది. నేను దిద్దలేదు.

11 నవంబరు

పదకొండు. నెగటివ్. వార్డులో ఆడవాళ్లు నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు. వెళ్లిపోయే మనిషిని ఇక్కడ ఎవరూ ఇష్టపడరు. నేనూ పడేదాన్ని కాదు.

20 నవంబరు

డాన్ అపోలోనియోకు ఊపిరాడక గొంతుకు కన్నం చేసి వెండి గొట్టం పెట్టారు. ఇక మాట రాదు. పలక మీద రాస్తున్నారు. మొదట రాసింది, "ఎన్నో చరణంలో ఉంది?"

3 డిసెంబరు

క్రిస్మస్ కోసం వెదురు పుల్లలతో, రంగు కాగితంతో నక్షత్ర దీపాలు కడుతున్నారు. మా భాషలో దాన్ని పరోల్ అంటాం. నెమెసియా ఎవరో చెప్పుకోగా విన్నదట. "మాయెస్త్రాకి పరోల్ ఇస్తారంటగా, ఏ రంగుది?" అని అడిగింది. నవ్వాపుకోలేకపోయాను. పెరోల్ అంటే ఏమిటో చెప్పాక ఆమె నవ్వలేదు. "వెళ్లిపోతావా అయితే" అంది. మళ్లీ తనే, "వెళ్లు. ఒకళ్లయినా వెళ్లాలి" అంది.

13 డిసెంబరు

పన్నెండు.

నెగటివ్. జనవరిలో బోర్డు కూర్చుంటుంది. చీఫ్ సంతకం పెడితే కాగితం చేతికొస్తుంది. అన్నయ్యకు ఉత్తరం రాశాను.

22 డిసెంబరు

చీఫ్ పిలిచాడు. మనీలాలో చదివిన డాక్టరు, మర్యాదస్తుడు, ఎవరి మీదా అరవడు. మధ్యలో ఇనుప కమ్మీ, ఆయన అటు, నేను ఇటు.

ప్రోగ్రాం గురించి అడిగాడు. పద్యం ఎంతసేపు పడుతుంది, తర్వాత పెద్దాయనతో మాట్లాడే వాళ్లుంటే ఇంటర్‌ప్రెటర్‌గా నేను ఉంటానా అని. ఉంటానన్నాను. అప్పుడు, "ఆ అమ్మాయి బిడ్డకు ముప్పయ్యో తేదీకి ఆరు నెలలు నిండుతాయి" అన్నాడు.



"తల్లి ఎదురుగా ఉంటే ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు మిస్ లువల్హాతి. పోయిన మార్చిలో ఒకావిడ గేటు పట్టుకుని రెండు రోజులు కదల్లేదు. చేతులు విడదీయడానికి నలుగురు కావలసి వచ్చారు. తల్లీ తండ్రీ ఇద్దరూ ప్లాజాలో ఉండగా నర్సరీ సిస్టర్ వెళ్లి వాణ్ణి తీసుకొచ్చేస్తే అందరికీ మంచిది. బిడ్డకు కూడా. మీరు చేయాల్సిందేమీ లేదు. పద్యం మధ్యలో ఆగకుండా చూడండి చాలు."

లేచి వస్తుంటే, మీ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి, కంగారు పడకండి అన్నాడు. ఆయన బెదిరించే మనిషి కాదు. ఆ రెండు మాటలకూ సంబంధం లేదనే అనుకుంటున్నాను. సంబంధం పెట్టింది నేనేనేమో.

23 డిసెంబరు

చెప్పలేదు.

24 డిసెంబరు

తెల్లవారుజాము పూజ నుంచి వస్తుంటే నెమెసియా ఆకులో చుట్టిన బియ్యపు రొట్టె నా చేతిలో పెట్టింది. వీపున మార్సియాల్ నిద్రపోతున్నాడు. వాడి తల నిండా చెమట. ముప్పయ్యో తేదీ పండగ అయ్యాకే నర్సరీ వాళ్లు వస్తారని మకారియా చెప్పిందట. ఈలోపు పెద్దాయనతో మాట్లాడేస్తాను కదా అంది. పద్నాలుగో చరణం రాత్రి కలలో కూడా వచ్చిందట.

రొట్టె వేడిగా ఉంది. నిలబడే తినేశాను. చెప్పలేదు.

26 డిసెంబరు

ఇక మోయలేక డాన్ అపోలోనియో దగ్గరికి వెళ్లాను. మొత్తం చెప్పాను. మీరేం చెబితే అది చేస్తానన్నాను. అలా అన్నప్పుడే నాకు ఏ జవాబు కావాలో తెలుసు.

ఆయన గొట్టంలోంచి గాలి ఈల వేసినట్టు వస్తోంది. చాలాసేపు పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత రాశారు: "ముందు పద్యం కానివ్వు."

తుడిచేసి మళ్లీ రాశారు: "ఆ అమెరికన్ వినాలి. మనం ఇంకా మనుషులమేనని."

మళ్లీ తుడిచేశారు. నా ముఖంలోకి చూడలేదు.

28 డిసెంబరు

ఆఖరి రిహార్సల్. పద్నాలుగు చరణాలూ తడుముకోకుండా చెప్పింది. నా నీలం గౌను ఆమెకు ఇచ్చాను. భుజాల దగ్గర వదులు చేసి, ఛాతీ దగ్గర కుట్లు విప్పి కుట్టాను, పాలిచ్చే తల్లి కదా. కుట్టేటప్పుడు సూది గుచ్చుకుంది. నొప్పి తెలిసింది. ఆరేళ్ల కిందట ఆ వేలికి నొప్పి తెలిసేది కాదు.

"పెద్దాయన్ని ఏమని పిలవాలి మాయెస్త్రా? అయ్యా అంటే సరిపోతుందా?" అని అడిగింది. సరిపోతుందన్నాను. తర్వాత తనలో తాను రెండు మూడు సార్లు అనుకుంది. "అయ్యా, నాకో కొడుకున్నాడు. అయ్యా, నాకో కొడుకున్నాడు."

29 డిసెంబరు

ఇంకా ఒక రోజు ఉంది. చెప్పలేదు.

30 డిసెంబరు, ఉదయం ఆరు

నెమెసియా గుడిసె దాకా వెళ్లాను. ఇప్పటికైనా చెప్పాలనే. గుమ్మంలో కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. వాడు ఒక చేత్తో నా నీలం గౌను గుండీ పట్టుకుని లాగుతున్నాడు. నన్ను చూసి, "గొంతు బాగానే ఉంది, అల్లం నీళ్లు తాగాను" అంది. మంచిదన్నాను. వెనక్కి వచ్చేశాను.

30 డిసెంబరు, సాయంత్రం

రాసేస్తాను. ఈ పూట రాయకపోతే ఇంకెప్పటికీ రాయను.

పదకొండింటికి మొదలైంది. చర్చి ముందు స్టేజి. దానికి ఎదురుగా, తాడు కట్టిన హద్దుకు అవతల, గుడ్డ పందిరి కింద తెల్ల సూట్లలో పదిమంది. పెద్దాయన మధ్యలో. ఇటు మా జనం, ఎండలో. బ్యాండు స్టేజికి ఎడమ పక్క. నేను కుడి పక్క మెట్ల దగ్గర, ఇంటర్‌ప్రెటర్‌ని కాబట్టి. నేను నిలబడిన చోట నుంచి స్టేజి వెనక సందు కనిపిస్తుంది. గేటుకు పోయే దారి అదే.

నెమెసియా మొదలుపెట్టింది. మొదటి చరణానికే తాడు అవతల మాటలు ఆగిపోయాయి. చేతులు కదపలేదు, కళ్లు మూసుకోలేదు, నేను నేర్పిన హంగులేవీ చేయలేదు. ఎదురుగా ఉన్న మనిషికి చెబుతున్నట్టు చెప్పింది. ముందు వరసలో డాన్ అపోలోనియో పెదాలు ఆమెతో పాటే కదులుతున్నాయి. చాలామంది ఏడుస్తున్నారు. వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఇక్కడ వీడ్కోలు తెలియని వాళ్లెవరున్నారు?

తొమ్మిదో చరణంలో ఉండగా సందులోకి సిస్టర్ క్లోటిల్డ్ వచ్చింది. నల్ల గొడుగు. పక్కన నర్సు చేతుల్లో తెల్ల మూట. మూట కదలడం లేదు. నిద్రపోతున్నాడు, కడుపునిండా తాగాడు కదా పొద్దున. నెమెసియా వీపు వాళ్ల వైపు ఉంది. పది గజాలు కూడా ఉండదు. సిస్టర్ తల దించుకుని నడిచింది. గేటు తెరిచారు. గేటు మూశారు.

ఆమె అప్పుడు పదో చరణం మొదలుపెట్టింది. ఒక్క మాట తప్పలేదు.

అయిపోయాక పెద్దాయన లేచి చప్పట్లు కొట్టాడు. ఆ వెనక అందరూ కొట్టారు. నెమెసియా దిగలేదు. నా వైపు తిరిగి, "ఇప్పుడు అడుగుతా. సరిగ్గా చెప్పు ఆయనకి" అంది. ఆ తర్వాత చేపలమ్మే గొంతుతో అడిగింది. "అయ్యా, నాకో కొడుకున్నాడు. నోట్లో ఇంకా ఒక్క పన్ను లేదు. ఇంకో ఆరు నెల్లు నా దగ్గర ఉండనివ్వండి. వాణ్ణి రోజూ కడుగుతాను. వాడి బట్టలు వేరే ఉడకబెడతాను. ముద్దు కూడా పెట్టుకోను. ఉండనివ్వండి అంతే."

నేను ఇంగ్లీషులో చెప్పాను. తప్పు లేకుండా చెప్పాను. ముద్దు కూడా పెట్టుకోనన్న మాటతో సహా.

పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తప్పకుండా ఆలోచిస్తామని, ఆమెకు తన అభినందనలు చెప్పమని అన్నాడు. చీఫ్ నేల వైపు చూస్తున్నాడు. నేను నెమెసియాకు చెప్పాను, "తప్పకుండా ఆలోచిస్తారట" అని. ఆమె నన్ను చూసి నవ్వింది. పొట్టి వేళ్ల చేత్తో నా భుజం ఒకసారి గట్టిగా పట్టుకుని, వాడికి ఆకలి వేళ అయిందంటూ మెట్లు దిగి పరుగెత్తింది. గౌను ముందు భాగం పాలతో తడిసిపోయి ఉంది.

కాసేపటికి ఆ అరుపు వినిపించింది. పందిరి కింద విందు దగ్గర వాళ్లకీ వినిపించే ఉంటుంది. ఎవరో బ్యాండుకు సైగ చేశారు, వాయించమని. వాయించారు. తియోపిస్టో బుగ్గలు పూరించి బాకా ఊదుతున్నాడు. అతనికి ఇంకా తెలియదు.

2 జనవరి 1927, ఆదివారం

నెమెసియా నర్సరీ అద్దం దగ్గరికి వెళ్లిందట. వాణ్ణి చూపించారట.  ఇవన్నీ మకారియా చెప్పింది. వాణ్ణి తీసుకుపోతుంటే ఏం చేయాలో తెలియక ఆ ముసలావిడ వాడి టోపీ కూడా ఇచ్చి పంపిందట. టోపీ అయినా ఉంచుకోవాల్సిందని ఇప్పుడు ఏడుస్తోంది.

5 జనవరి

పాలు గడ్డకట్టి ఆమెకు జ్వరం. ఛాతీకి గుడ్డ బిగించి కట్టారు. డాక్టరు రెండు రోజుల్లో తగ్గుతుందన్నాడు. తగ్గుతుందంటే పాలు.

9 జనవరి

చెప్పేశాను.

బట్టలుతికే రాళ్ల దగ్గర ఒక్కతే ఉంది. నీలం గౌను ఉతుకుతోంది, తిరిగి ఇచ్చేద్దామని. ఆ గౌను నాకొద్దన్నాను. తర్వాత, నాకు ఇరవై రెండో తేదీనే తెలుసన్నాను. ఎలా తెలిసిందో, ఎవరు చెప్పారో, ఎన్నిసార్లు చెబుదామని వచ్చి వెనక్కి పోయానో. కాగితాల సంగతి కూడా దాచలేదు.

గౌను పిండుతూనే విన్నది. "ఇరవై రెండునా" అంది. వేళ్లు లెక్కపెట్టుకుంది. "ఎనిమిది రోజులు."

అవునన్నాను.

"రోజుకి మూడు గంటలు నీ దగ్గర కూర్చున్నాను మాయెస్త్రా. ఆ ఎనిమిది రోజుల్లోనూ. వాణ్ణి తీసుకురావద్దన్నావు, ఏడుస్తాడని."

గౌనును రాయి మీద పరిచి, ముడతలు తీసి, బేసిను ఎత్తుకుని వెళ్లిపోయింది.

10 జనవరి

తిట్టి ఉంటే బాగుండేది.

24 జనవరి

కాగితం వచ్చింది. చీఫ్ సంతకం, సీలు. అదే రోజు ఓడలో అన్నయ్య ఉత్తరం కూడా. తన కూతురికి పెళ్లి మాటలు నడుస్తున్నాయట. అబ్బాయి వాళ్లకు నా సంగతి చెప్పలేదట, నేను చనిపోయానని ఊళ్లో ఎప్పుడో అనేశారట. ఒక ఏడాది ఆగి వస్తే బాగుంటుందని, ఇంటిల్లిపాదీ నాకోసం రోజూ ప్రార్థన చేస్తున్నారని రాశాడు. చివర వదిన కూడా ఒక లైను రాసింది. ఆరోగ్యం జాగ్రత్త అని.

11 ఫిబ్రవరి

డాన్ అపోలోనియో ఈ మధ్యాహ్నం పోయారు. మూడు రోజులుగా నిమోనియా. నిన్న పలక అడిగితే ఇచ్చాను. "నా గోతి దగ్గర పద్యం చదవొద్దు" అని రాశారు. సరే అన్నాను. ఇంకేదో రాయబోయి, బలపం పట్టుకోలేక వదిలేశారు. మొదటి అక్షరం మాత్రం పడింది. N. పలకను నేను తుడవలేదు. వార్డు మనిషి తుడిచేశాడు.

సాయంత్రమే సమాధి చేశారు. వెళ్లినవాళ్లం పన్నెండు మందిమి. నెమెసియా వచ్చింది, కానీ అవతలి పక్కన నిలబడింది. అడిగితే చదివేదేమో. ఎవరూ అడగలేదు.

27 ఫిబ్రవరి

సిస్టర్ క్లోటిల్డ్ గేటు దగ్గరికి పిలిచింది. నర్సరీలో ఇద్దరు ఆయాలు పోయిన ఓడలో వెళ్లిపోయారట. మనీలా నుంచి ఈ దీవికి రమ్మంటే ఎవరూ రారు. నేను నెగటివ్ కాబట్టి, కాగితం ఉంది కాబట్టి, ఉండిపోతే చీఫ్ ఒప్పుకుంటాడంది. ఇరవై ఏడుగురు పిల్లలు, ముగ్గురు మనుషులు.

మార్సియాల్ కోసమే ఒప్పుకున్నానని రాయాలని ఉంది. కానీ అన్నయ్య ఉత్తరం ముందు వచ్చింది. అది రాకపోతే ఈపాటికి ఓడ ఎక్కి ఉండేదాన్ని.

8 మార్చి

గేటు దాటాను. మందు నీళ్లలో రెండుసార్లు స్నానం. పాత బట్టలు తగలబెట్టారు. ఈ పుస్తకాన్ని ఏం చేయాలో తెలియక గంటసేపు పొగలో పెట్టి ఇచ్చారు. పేజీలు పచ్చబడ్డాయి, అక్షరాలు పోలేదు.

అటు నుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. తిరిగి చూడలేదు.

10 మార్చి

వాడు కూర్చుంటున్నాడు. కింద రెండు పళ్లు వచ్చాయి. నన్ను చూసి ఏడవలేదు, నవ్వనూ లేదు. ఎవరు ఎత్తుకున్నా ఒకేలా ఉంటాడు. ఇక్కడి పిల్లలంతా అంతేనంది సిస్టర్. ఒకరి మీద ఎక్కువ మమకారం పెంచుకోవద్దని కూడా అంది. మిగతా ఇరవై ఆరుగురికి తెలిసిపోతుందట.

27 మార్చి, ఆదివారం

తల్లులు వచ్చే రోజు. అద్దానికి అవతల నెమెసియా. ఇవతల నేను, నా చేతుల్లో మార్సియాల్.

చాలాసేపు నన్నే చూసింది. వాణ్ణి చూడలేదు.

తర్వాత అరచేయి తిప్పి, ఇంకా పైకెత్తు అన్నట్టు కొద్దిగా లేపింది. వాడి కాళ్లు కనిపించడం లేదు కాబోలు.

ఎత్తాను.